పాచికల నుండి పబ్జీ వరకు: ఆటలు మనలో మిగిల్చేదేమిటి?

ఒక జాతి మనస్తత్వాన్ని గ్రహించాలంటే ఆ జాతి చదివిన గ్రంథాలతో పాటు ఆడిన ఆటలను కూడా పరిశీలించాలి. గ్రంథం చదువుకున్న వారి మనసుల్లో నిలుస్తుంది. ఆట చదువురాని వారి నాలుక మీద సైతం నిలుస్తుంది. పన్నాగం ఫలించని వానిని చూచి 'వాని పాచిక పారలేదు' అంటాము. దొంగలు పట్టుబడితే 'వారి ఆట కట్టింది' అంటాము. ఎన్నికల వేళ నాయకులు 'పావులు కదుపుతున్నారు' అని పత్రికలు వ్రాస్తాయి. 'ఎత్తుకు పైఎత్తు' వేశారని వ్యాఖ్యానిస్తాయి. నిన్నటి దాకా వెలిగి ఒక్కనాడు పతనమైన వానిని గురించి 'పెద్దపాము నోట పడ్డాడు' అని వైకుంఠపాళి భాషలో జాలిపడతాము. ఈ మాటలు పలికే వారిలో ఎందరు పాచికలు చేతబట్టి ఉంటారు? ఆట మరుగున పడినా మాట మిగిలింది. సంస్కృతిపై ఆట వేసే ముద్ర ఎంత గాఢమైనదో చెప్పడానికి వేరే నిదర్శనం అక్కరలేదు.

నేడు మన చేతుల్లోకి వచ్చిన ఆటలు వేరు. అరుగు మీద గీసే గళ్ల స్థానాన్ని అరచేతిలోని తెర ఆక్రమించింది. ఈ వీడియో ఆటలను 'పిల్లల్ని చెడగొట్టే పాడు వస్తువు' అని కొట్టిపారేసే పెద్దలు ఒకవైపు ఉన్నారు. అవే సర్వస్వమని రాత్రులు తెల్లవార్చే యువకులు మరొకవైపు ఉన్నారు. ఈ ఇరువర్గాల వారితోనూ వినయంగా విభేదిస్తూ ఈ నాలుగు మాటలు విన్నవించుకుంటున్నాను. నా అభిప్రాయం సూటిగా చెప్పాలంటే ఇది: పెద్ద పెద్ద వీడియో ఆటల పరంపరలు ఈ యుగపు కథాసాహిత్యంగా రూపొందాయి. అవి మన తరం మీద ముద్ర వేయక మానవు. ఆ ముద్రలో మన భాషకు, మన కథకు, మన ఊరికి చోటు ఉంటుందా అన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

ఈ ఆటల చరిత్ర అట్టే పాతది కాదు. 1972లో అమెరికాలోని అటారీ సంస్థ 'పాంగ్' అనే ఆటను విడుదల చేసింది. తెర మీద రెండు గీతలు, వాటి మధ్య ఎగిరే ఒక చుక్క. అంతే ఆ ఆట. 1978లో జపాను నుండి 'స్పేస్ ఇన్వేడర్స్', 1980లో 'ప్యాక్‌మ్యాన్' వచ్చాయి. 1984లో మాస్కోలోని సోవియట్ విజ్ఞాన అకాడమీ కంప్యూటర్ కేంద్రంలో పనిచేస్తున్న అలెక్సీ పజిత్నోవ్ 'టెట్రిస్'ను రూపొందించాడు. ఇటుకల వంటి ముక్కలు పైనుండి జారుతుంటే వాటిని ఖాళీ లేకుండా పేర్చడమే అందులోని పని. అమెరికా, రష్యాలు పరస్పరం అనుమానంతో చూసుకుంటున్న ఆ కాలంలో, ఒక్క మాట కూడా అవసరం లేని ఆ ఆట సరిహద్దులు దాటి ప్రపంచమంతా వ్యాపించింది. 1985లో షిగేరు మియమోతో సృష్టించిన 'సూపర్ మారియో బ్రదర్స్'తో ఆటకు కథ, కథకు నాయకుడు, నాయకునికి సొంత లోకం స్థిరపడ్డాయి.

ఆ నాయకుడు ఎంతవాడయ్యాడో చూడండి. 2016లో రియో ఒలింపిక్స్ ముగింపు ఉత్సవంలో, తరువాతి క్రీడలకు ఆతిథ్యం ఇవ్వవలసిన జపాను దేశపు ప్రధానమంత్రి షింజో అబే స్వయంగా మారియో వేషం ధరించి మైదానంలో ప్రత్యక్షమయ్యాడు. 2021లో టోక్యోలో ఆ క్రీడలు ప్రారంభమైనప్పుడు సకల దేశాల క్రీడాకారులు వీడియో ఆటల సంగీతం వినిపిస్తూ ఉండగా మైదానంలోకి నడచివచ్చారు. 2012లో న్యూయార్కులోని ఆధునిక కళా ప్రదర్శనశాల ప్యాక్‌మ్యాన్, టెట్రిస్ మొదలైన 14 ఆటలను తన కళాసంపదలో చేర్చుకుంది. 2019లో పారిస్‌లోని నోత్రదామ్ ప్రార్థనా మందిరం అగ్నికి ఆహుతైనప్పుడు, ఆ మందిరాన్ని ఎంతో శ్రద్ధగా చిత్రించిన 2014 నాటి 'అసాసిన్స్ క్రీడ్ యూనిటీ' అనే ఆటను దాని నిర్మాతలు వారం రోజుల పాటు ఉచితంగా పంచిపెట్టారు. కళ్లముందు కాలిపోయిన కట్టడంలో జనం ఆట ద్వారా తిరుగాడారు. ఇవన్నీ పిల్లల కాలక్షేపానికి దక్కే గౌరవాలేనా?

ఈ ఆటలు ఇంతగా పాతుకొనడానికి కారణం వాటి వెనుక ఉన్న సొంత జ్ఞాపకమని నా నమ్మకం. సతోషి తజిరి చిన్ననాడు పొలాల వెంట తిరిగి పురుగులను పట్టి పోగుచేసేవాడు. ఊళ్లు నగరాలై ఆ పొలాలు మాయమైనప్పుడు, ఆ ఆనందాన్ని తరువాతి పిల్లలకు అందించాలన్న కోరిక నుండి 1996లో 'పోకెమాన్' పుట్టింది. అమెరికా యువకుడు జోర్డాన్ మెక్నర్ అరేబియన్ నైట్స్ లోకాన్ని తలచుకొని, తన తమ్ముడు పరుగెత్తడాన్ని చిత్రీకరించి, ఆ కదలికలను గీతగీతగా అనుకరించి 1989లో 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా'ను తయారుచేశాడు. ఒకడు తాను కోల్పోయిన పొలాన్ని, మరొకడు తాను విన్న కథను తెర మీద నిలిపారు. మరి మనం కోల్పోయినవి లేవా? మనం విన్న కథలు లేవా?

ఉన్నాయి. శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం చెరువు గట్టున వెలసిన శ్రీరంగనాయకస్వామి ఆలయ గోపురాన్ని చూస్తూ పెరిగినవాణ్ణి నేను. నా బాల్యంలో మధ్యాహ్నం వేళ మా ఇంటి అరుగు మీద సుద్దముక్కతో గీసిన అయిదు వరుసల గళ్లు, నాలుగు గవ్వలు, విరిగిన గాజుముక్కలు, చింతగింజలు ఉండేవి. నాలుగు పడితే 'చెమ్మా', ఎనిమిది పడితే 'అష్టా'. మా నాయనమ్మ, పొరుగింటి ఖాలా ఎదురెదురుగా కూర్చుండేవారు. నాయనమ్మ అష్టాచెమ్మా నేర్పితే, ఖాలా పచ్చీసు నేర్పేది. ఒకరి పంటను ఒకరు చంపినప్పుడు ఉర్దూలో ఒక ఎత్తిపొడుపు, తెలుగులో దానికి తగిన జవాబు! మాకు రెండు భాషలూ అబ్బింది బడిలో కాదు, ఆ అరుగు మీద.

ఆ పచ్చీసు ప్రయాణం విచిత్రమైనది. ఫతేపూర్ సిక్రీలో అక్బరు కోట ఆవరణలో నేల మీద పరచిన పచ్చీసు గళ్లను నేటికీ చూడవచ్చు. ఆంగ్లేయులు ఆ ఆటను తమ దేశానికి కొనిపోయి, గవ్వలకు బదులు పాచిక పెట్టి, 1896లో 'లూడో' పేరిట హక్కు పత్రం పొందారు. ఆ లూడోయే అట్టపలక రూపంలో మన అంగళ్లకు తిరిగివచ్చింది. 2016లో ముంబయి సమీపాన ఉన్న ఒక భారతీయ సంస్థ దానిని 'లూడో కింగ్'గా ఫోనులోకి ఎక్కించింది. 2020లో కరోనా వల్ల దేశం తలుపులు మూసుకున్నప్పుడు, దూరదూరంగా చిక్కుకుపోయిన కుటుంబాలను ఆ ఆటే ఒక్కచోట కూర్చోబెట్టింది. పాలమూరు నుండి వలస వెళ్లిన వారి కష్టం మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. నగరంలోని పనిచోటు నుండి తండ్రి ఒక పావును కదిపితే, ఇక్కడ ఇంటి గడపలో కూర్చున్న కూతురు మరొక పావును కదపడం నేను కళ్లారా చూశాను. ఆ పిల్లకు అది ఆట కాదు, తండ్రి క్షేమ సమాచారం. ఆటను నిందించడానికి నోరు తెరచినప్పుడల్లా ఆ దృశ్యం నాకు గుర్తుకు వస్తుంది.

ఇక పబ్జీ సంగతి. 2017లో వచ్చి, 2018లో ఫోనులోకి చేరిన ఈ ఆట మన పల్లెలను ఊపివేసింది. నూరుమంది ఒక దీవిలో దిగి, చివరకు ఒక్కడో ఒక్క జట్టో మిగిలే వరకు పోరాడటమే దీని సారాంశం. 2020 సెప్టెంబరు 2న కేంద్ర ప్రభుత్వం దీనిని మరి 117 యాప్‌లతో పాటు నిషేధించింది. 2021లో అదే ఆట పేరు మార్చుకొని వచ్చింది. 2022లో మళ్లీ ఆగింది. 2023లో మళ్లీ మొదలైంది. నిషేధాలు వచ్చిపోయినా ఆడేవారి భాష మాత్రం మారిపోయింది. క్రికెట్ మైదానంలో సైతం 'డ్రాప్', 'జోన్', 'స్క్వాడ్' అన్న మాటలే వినిపిస్తున్నాయి. చెరువు కట్ట మీద నలుగురు మిత్రులు ఒక జట్టుగా ఆడుతుండగా గమనించాను. ఇద్దరు తెలుగు మాధ్యమంలో, ఇద్దరు ఉర్దూ మాధ్యమంలో చదివినవారు. తరగతి గదులు వేరుచేసిన వారిని ఆట కలిపింది. ఇది సంతోషించదగిన విషయమే. అయితే వారు ఆడిన గంటసేపు ఒకరి భాష ఒకరు నేర్చుకోలేదు. ఇద్దరిదీ కాని తెర భాషలో పొడిపొడి కేకలు వేసుకున్నారు. నాయనమ్మ అరుగు మీద రెండు భాషలు పెరిగాయి. ఈ కట్ట మీద రెండు భాషలూ ఊరకున్నాయి. నా దిగులంతా ఇక్కడే.

ఆటను సమర్థించేవాడు దాని చీకటి ముఖాన్ని దాచరాదు. మన ఆదికవి నన్నయ భట్టారకుడు తెనిగించిన సభాపర్వంలో ధర్మరాజు పాచికలకు లొంగి రాజ్యాన్ని, తమ్ములను, తనను, చివరకు ద్రౌపదిని సైతం ఒడ్డిన కథ మనకు తెలిసినదే. మా బంధువర్గంలో ఒక యువకుడు ఫోనులో పేకాట ఆడి, తండ్రి వేరుశనగ అమ్మి తెచ్చిన సొమ్మును వారం రోజుల్లో పోగొట్టుకున్నాడు. మొదట కొద్దిగా గెలిపించి, ఆశ పుట్టించి, తరువాత ఊడ్చివేసే ఆ పద్ధతిలో శకుని చేతివాటమే కనిపిస్తుంది. ఆ తండ్రి కొడుకును ఒక్క మాట అనలేదు. వయసు మీరిన శరీరంతో మళ్లీ కూలి పనికి బస్సెక్కాడు. ఆ మౌనం ముందు ఏ వ్యాసమూ నిలువదు.

2017లో తెలంగాణ ప్రభుత్వం జూద చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అదే దారి తొక్కింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ ఆటలపై ఒక చట్టాన్ని ఆమోదించింది. సొమ్ము ఒడ్డే ఆటలను నిషేధిస్తూ, పోటీ క్రీడలుగా ఆడే ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కోసం, విద్య కోసం ఆడే ఆటలను ప్రోత్సహించడం ఆ చట్టపు ఉద్దేశం. జూదాన్ని, ఆటను ఈ విధంగా వేరుచేయడం సమంజసమని నా అభిప్రాయం. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఈ-స్పోర్ట్స్‌కు పతకాలు ప్రదానం చేశారు. అదే సమయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అదుపు తప్పిన ఆట వ్యసనాన్ని రుగ్మతల పట్టికలో చేర్చగా, ఆ పట్టిక 2022 నుండి అమలులోకి వచ్చింది. పతకమూ సత్యమే, రుగ్మతా సత్యమే. నిప్పుతో అన్నం వండుకోవచ్చు, ఇల్లూ కాల్చుకోవచ్చు.

ఉర్దూ విద్యార్థులకు ప్రేమ్‌చంద్ వ్రాసిన 'చదరంగపు ఆటగాళ్ల' కథ సుపరిచితం. 1977లో సత్యజిత్ రాయ్ దానిని చలనచిత్రంగా మలచాడు. 1856లో అవధ్ రాజ్యం ఆంగ్లేయుల పాలవుతూ ఉంటే, లక్నో నగరంలోని ఇద్దరు ప్రభువులు చదరంగపు రాజును కాపాడుకోవడంలో మునిగి, నిజమైన రాజును మరచిపోతారు. ఆ కథ చదివి చదరంగం చెడ్డదని ఎవరమూ అనుకోము. అదే చదరంగంలో మన తెలుగు బిడ్డ కోనేరు హంపి 2019లోను, 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేతగా నిలిచింది. ఓరుగల్లు యువకుడు అర్జున్ ఇరిగేశి 2024లో 2800 రేటింగు దాటాడు. అదే ఏడు బుడాపెస్ట్ ఒలింపియాడ్‌లో భారత పురుషుల, మహిళల జట్లు రెండూ స్వర్ణాలు గెలిచినప్పుడు ఆ జట్లలో అర్జున్, పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉన్నారు. బల్ల ఒక్కటే, పావులు ఒక్కటే. మునిగిపోయేవాడు, పైకి తేలేవాడు అనే భేదం ఆడేవానిలో ఉంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ప్రపంచాన్ని ఏలుతున్న ఆటల్లో మన కథ ఎక్కడ? 2024 ఆగస్టులో చైనా నుండి 'బ్లాక్ మిత్: వుకాంగ్' అనే ఆట వెలువడింది. 16వ శతాబ్దపు చైనా నవలలోని వానర వీరుడు అందులో కథానాయకుడు. మూడు రోజుల్లో కోటి ప్రతులు అమ్ముడుపోయాయి. ఆ దేశంలోని ప్రాచీన ఆలయాలను, శిల్పాలను కొలిచి ఆ ఆటలో చిత్రించడం వల్ల, షాన్సీ ప్రాంతంలోని మారుమూల గుళ్లకు యాత్రికులు బారులు తీరారు. వానర వీరుని కథలు మనకు కొత్తవా? మారుమూల గుళ్లు మనకు లేవా? దక్షిణ దేశంలోని అనేక ఆలయ మండపాల రాతిపలకల మీద ప్రాచీనులు చెక్కుకున్న ఆటగళ్లు నేటికీ కనిపిస్తాయి. దేవుని సన్నిధిలో ఆడుకోవడం తప్పని మన పూర్వులు అనుకోలేదు.

కథా నిర్మాణంలోనూ మనకు లోటు లేదు. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీమజిలీ కథలు' గుర్తుకు తెచ్చుకోండి. మణిసిద్ధుని వెంట కాశీకి బయలుదేరిన గొల్లపిల్లవాడు మజిలీ మజిలీకీ ఒక వింతను చూసి, దాని కథ చెబితే గాని కదలనని పట్టుబడతాడు. ఒక దశ దాటితే గాని మరొక దశ తెరుచుకోని నేటి ఆటల పద్ధతి అదే కదా! 1883 నుండి లక్నోలోని నవల్ కిశోర్ ముద్రణాలయం ప్రచురించిన 'తిలిస్మె హోష్‌రుబా'లో మాంత్రిక చక్రవర్తి అఫ్రాసియాబ్ మాయాలోకాన్ని ఛేదించడానికి యువరాజు అసద్ బయలుదేరుతాడు. మాయ వెనుక మాయ, ద్వారం వెనుక ద్వారం. ఇంతటి సిద్ధవస్తువు మరొక భాషలో ఉంటే ఈపాటికి పది ఆటలు పుట్టి ఉండేవి. ఈ రెండు గ్రంథాలనూ ఒకే గ్రంథాలయపు రెండు బీరువాల్లో పెట్టుకున్న కళాశాల మనది. రెండు బీరువాల తాళాలూ తుప్పు పడుతున్నాయి.

'ఆటలు తయారు చేయడానికి కోట్లు కావాలి, మనవల్ల ఏమవుతుంది?' అని కొందరు మిత్రులు అడగవచ్చు. నిజమే, పెద్ద ఆటలకు కోట్లు కావాలి. కాని టెట్రిస్ పుట్టినప్పుడు పజిత్నోవ్ వద్ద కోట్లు లేవు, పాత కంప్యూటరు ఒకటి ఉంది. 2020లో పూణెకు చెందిన ఒక చిన్న బృందం మన పురాణాల ఆధారంగా 'రాజీ' అనే ఆటను తయారుచేసి విదేశాల్లో సైతం మన్ననలు అందుకుంది. హైదరాబాదులో పుట్టిన 'ఛోటా భీమ్' 2008 నుండి దేశంలోని పిల్లలందరికీ నేస్తమయ్యాడు. అదే హైదరాబాదులో మన జిల్లాల యువకులు విదేశీ ఆటలకు బొమ్మలు గీసి, లెక్కలు వ్రాసి జీతాలు తెచ్చుకుంటున్నారు. చేతి నైపుణ్యం మనది, కథ పరులది. నేతగాడు ఊరందరికీ చీరలు నేసి తన ఇంట గుడ్డ లేకుండా ఉన్నట్లున్నది మన స్థితి.

కావున నా సూచనలు చిన్నవే. మొదటిది: ఈ సెలవుల్లో మనలో ప్రతి ఒక్కరూ తమ ఇంటి పెద్దల వద్ద కూర్చొని, వారు ఆడిన ఆటల పేర్లు, గళ్ల పటాలు, నియమాలు, ఆటలోని మాటలు తెలుగులోను ఉర్దూలోను వ్రాసి తేవాలి. అష్టాచెమ్మా, పచ్చీసు, పులిమేక, వామనగుంటలు, వైకుంఠపాళి ఒక్కొక్క ఊరిలో ఒక్కొక్క విధంగా ఆడతారు. ఆ పెద్దలు పోతే ఆ నియమాలు కూడా పోతాయి. రెండవది: కంప్యూటర్ శాఖ విద్యార్థులు వార్షిక ప్రాజెక్టుగా ఎక్కడో ఉన్న అంగడి లెక్కలను మళ్లీ మళ్లీ వ్రాయడానికి బదులు, ఆ ఆటల్లో ఒకదానిని రెండు భాషల్లో తయారుచేయాలి. తెలుగు విద్యార్థి మాట వ్రాస్తే ఉర్దూ విద్యార్థి గొంతు ఇవ్వాలి. ఉర్దూ విద్యార్థి కథ చెబితే తెలుగు విద్యార్థి బొమ్మ గీయాలి. మూడవది: సొమ్ము ఒడ్డే ఆట ఏదైనా, ఎంత అందమైన పేరు పెట్టుకున్నా, దానిని మిత్రుని ఫోనులో చూసినప్పుడు మొగమాటం విడిచి వారించాలి. వారించినందుకు స్నేహం చెడితే చెడనివ్వండి. ఒక తండ్రి కూలికి బస్సెక్కకుండా ఆగుతాడు.

పెద్దలకు కూడా ఒక మనవి. పిల్లవాని చేతిలోని ఫోనును లాగుకొనే ముందు ఒక్కసారి వాని ప్రక్కన కూర్చొని 'ఏమాట ఆడుతున్నావు, నాకూ నేర్పు' అని అడిగి చూడండి. నేర్పేవాడు దాచడు. దాచనివాడు చెడిపోయే అవకాశం తక్కువ.

నిన్న సాయంత్రం మళ్లీ చెరువు కట్ట మీదికి వెళ్లాను. గోపురం నీడ నీటి మీద సాగుతున్నది. ఆ నలుగురు మిత్రులూ అక్కడే ఉన్నారు. చార్జింగు అయిపోయి ఫోనులు ప్రక్కన పెట్టారు. నేను మట్టి మీద పుల్లతో అయిదు వరుసల గళ్లు గీశాను. గవ్వలకు బదులు చింతగింజలను అరగదీసి ఇచ్చాను. మొదట నవ్వారు. తరువాత కూర్చున్నారు. కొంతసేపటికి ఒకడు ఉర్దూలో ఎత్తిపొడిచాడు. మరొకడు తెలుగులో బదులిచ్చాడు. చీకటి పడినా ఎవరూ లేవలేదు.

మన పూర్వుల ఆటలు మన నాలుకల మీద 'పాచిక'ను, 'ఎత్తు'ను, 'ఆటకట్టు'ను మిగిల్చాయి. మన తరం ఆటలు మన మనుమల నాలుకల మీద ఏ మాట మిగులుస్తాయి? అది మన మాట అయి ఉండాలన్నదే నా ఆకాంక్ష.